మిక్ గారిపై శాఖాపరమైన విచారణ

ఆ ఏడాదిని ప్రభుత్వం జవాబుదారీ సంవత్సరంగా ప్రకటించింది. అంతకుముందుది పచ్చదనం సంవత్సరం, దానికి ముందుది చిరునవ్వుల సంవత్సరం. పచ్చదనం ఏడాదిలో అర్బుద వైద్య విజ్ఞాన సంస్థ, అంటే క్యాన్సరు ఆసుపత్రి, ఆవరణలో నాటిన మొక్కలు వేసవి రాకముందే ఎండిపోయాయి. చిరునవ్వుల ఏడాదిలో సిబ్బంది జేబులకి తగిలించుకున్న నవ్వుమొహం బ్యాడ్జీలు తుప్పు పట్టాయి. జవాబుదారీకి ఆ బాధలేం లేవు. నీళ్ళు పొయ్యక్కర్లేదు, నవ్వక్కర్లేదు. ఎవరో ఒకరి మీద కాగితం పెడితే చాలు, మిగతాది అదే పెరుగుతుంది.

ఆ సందర్భంగా ఒక ఉత్తర్వు వచ్చింది. "ఏ నివేదికయందైనను 'కారకుడు', 'కారకము' అను పదములు కానవచ్చినచో, సదరు కారకునిపై చర్య గైకొనకుండ ఆ ఫైలును ముగించరాదు." అదే వారంలో ఇంకో శాఖ నుంచి ఇంకో ఉత్తర్వు వచ్చింది, ఆసుపత్రి నివేదికలన్నీ ఇకపై తెలుగులోనే ఉండాలని. దేనికది మంచి ఉత్తర్వే. రెండు రైళ్ళూ మంచివే. కాకపోతే ఒకే పట్టాల మీద ఎదురెదురుగా వచ్చాయి. ఆ పట్టాల మధ్యలో డాక్టర్ విశాలాక్షి నిలబడి ఉంది.

విశాలాక్షి ఆ సంస్థలో పాథాలజీ విభాగానికి పెద్ద. రోగుల్ని ఆవిడ పెద్దగా చూడదు, వాళ్ళ ఒంట్లోంచి తీసిన ముక్కల్ని చూస్తుంది. ఆ ముక్కని మైనంలో పోసి, పొరలు పొరలుగా కోసి, రంగేసి, మైక్రోస్కోపు కింద పెట్టి, ఈ మనిషికి వచ్చింది ఏమిటో చెప్పడం ఆవిడ పని. ఇరవై ఏళ్ళుగా ఇంగ్లీషులో చెబుతోంది. ఆ వారం మొదటిసారి తెలుగులో చెప్పింది.

ఆ ముక్క అప్పలస్వామిది. బొబ్బిలి దగ్గర పల్లె. పెళ్ళిళ్ళ బ్యాండులో క్లారినెట్ వాయిస్తాడు. ఎడమ దవడ కింద ఉసిరికాయంత గడ్డ లేచింది. ఊదీ ఊదీ నరం పొంగిందనుకుంది భార్య సన్యాసమ్మ. పసుపు పట్టేసింది, సున్నం పట్టేసింది. చూస్తుండగానే అది జామకాయంత అయ్యింది. గడ్డలోంచి తీసిన ముక్కని చూడగానే విశాలాక్షికి విషయం అర్థమైపోయింది. లింఫోమా, అంటే లింఫ్ గ్రంథుల్లో పుట్టే క్యాన్సరు. అందులోనూ పరుగు మీదున్న రకం. గాజుపలక మీద కణాలు ఊదారంగులో కిక్కిరిసి, ఎక్కడ చూసినా ఒకటి రెండవుతూ కనిపించాయి.

ఇక తేలాల్సింది ఒక్కటే. ఆ పరుగు వెనక కణంలో ఉండే మిక్ అనేది ఒక్కటే ఉందా, తోడు ఇంకోటి కూడా ఉందా? ఒక్కటే అయితే ఒక మందు. తోడుంటే ఆ మందు చాలదు, మొదటి నుంచే గట్టిది పెట్టాలి. ఆ సంగతి తేల్చడానికి మిగిలిన మైనపు ముక్క మీద ఇంకో పరీక్ష చెయ్యాలి, దానికి పాలనాధికారి అనుమతి కావాలి. ఆవిడ నిఘంటువు పక్కన పెట్టుకుని, తెలుగులో, పొందిగ్గా ఇలా రాసింది:

"మిక్ అను అనులేఖన కారకము అదుపు తప్పి, నిరంతరాయముగా ఆదేశములు జారీ చేయుచుండుటయే ఈ వ్యాధికి మూలమని అనుమానము. బి.సి.ఎల్. ఆరు, బి.సి.ఎల్. రెండు కూడ ఇందు పాలుపంచుకొనినవా యని తేల్చవలసియున్నది."

మర్నాడు పొద్దున్నే పిలుపొచ్చింది.

పాలనాధికారి గరుడాచలం గారు సచివాలయంలో ముప్ఫై ఏళ్ళు నలిగి వచ్చిన మనిషి. క్యాన్సరంటే ఆయనకి భయం లేదు, ఆడిట్ అంటే ఉంది. నివేదిక మీద ఎర్రసిరాతో రెండు గీతలు గీసి పెట్టుకున్నారు.

"డాక్టరుగారూ, ఈ మిక్ గారు ఏ విభాగం?"

"మనిషి కాదండీ. కణంలో ఉండే ఒక ప్రోటీను."

"అలాగే అనుకుందాం. మీరు 'కారకము' అని రాశారు. నపుంసకలింగం మీద క్రమశిక్షణ చర్యకి నిబంధనల్లో వీల్లేదు. అంచేత 'కారకుడు' అని దిద్దాను. ఇప్పుడు చెప్పండి, ఆయన విధులేమిటి?"

విశాలాక్షి చేసిన పొరపాటు అక్కడే. తెలిసిన భాషలో చెబితే తొందరగా అనుమతి ఇస్తాడు కదా అనుకుంది. ఆవిడ మంచి ఉపాధ్యాయురాలు. మంచి ఉపాధ్యాయులకి పోలిక చెప్పకుండా ఉండటం చేతకాదు.

"ప్రతి కణంలోనూ డీఎన్ఏ అని పెద్ద గ్రంథం ఉంటుందండీ. ఒంటికి కావాల్సిన సూచనలన్నీ అందులో ఉంటాయి. ఎప్పుడు ఏ పేజీకి నకలు తియ్యాలో చెప్పేవే ఈ అనులేఖన కారకాలు."

"సెక్షన్ సూపరింటెండెంట్లు."

"అలాగే అనుకోండి. మిక్ చెప్పేది 'పెరగండి, రెండవ్వండి' అని. ఒంట్లోకి క్రిములు వచ్చినప్పుడు తెల్లకణాలు పెరగాలి కాబట్టి కాసేపు వస్తుంది, పనయ్యాక తప్పుకుంటుంది."

"డిప్యుటేషన్."

"అవునండీ. ఇక్కడేం జరుగుతుందంటే, ఎనిమిదో క్రోమోజోములో మిక్ ఉండే ముక్క తెగి, వెళ్ళి పద్నాలుగో దానికి అతుక్కుంటుంది. అక్కడ ఎప్పుడూ ఆరని దీపంలాగా పని నడుస్తూనే ఉంటుంది. దాంతో మిక్ కూడా ఆగదు."

గరుడాచలం గారి కళ్ళు మెరిశాయి. "అంటే అనధికార బదిలీ. పైగా డిప్యుటేషన్ ముగిసినా రిలీవ్ కాలేదు. బి.సి.ఎల్. ఆరు?"

"అది కణాన్ని తర్వాతి దశకి వెళ్ళనివ్వకుండా ఆపుతుంది."

"ప్రమోషన్ ఫైలు తొక్కిపెట్టాడు. రెండు?"

"అది అనులేఖన కారకం కాదండీ. చావాల్సిన కణాన్ని చావనివ్వదు, అంతే."

"రిటైరయ్యే వయసు దాటినా కుర్చీ వదలనివ్వడన్నమాట." ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. "డాక్టరుగారూ, మీ శాస్త్రం కష్టమని అందరూ అంటారు. ఇందులో నాకు తెలియంది ఒక్కటీ లేదే!"

మరి పరీక్షకి అనుమతి అని విశాలాక్షి అడిగేలోపే ఆయన గంట కొట్టారు. సాయంత్రానికల్లా ముగ్గురి మీదా అభియోగపత్రాలు తయారయ్యాయి. వాటితోపాటు అప్పలస్వామి మెడలోంచి తీసిన మైనపు ముక్క "కీలక సాక్ష్యము" అయ్యింది. దాన్ని లక్కతో సీలు వేసి పాలనాధికారి బీరువాలో పెట్టారు.

నోటీసు నిందితులకి అందాలి. అందకపోతే విచారణ చెల్లదు. నిందితుల చిరునామా విశాలాక్షి నివేదికలోనే ఉంది: మెడ, ఎడమ పక్క. అటెండరు మూడు కాగితాలూ జిగురు సీసా పట్టుకుని వార్డుకి వెళ్ళాడు. నిందితులు తీసుకోకపోతే నివాసానికి అంటించాలని నిబంధన. మొదట మెడ దగ్గరకే వెళ్ళాడట. సన్యాసమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఏటిది? గోడకంటించే కాయితం మనిషికంటిత్తారేటి?"

చివరికి మంచం తలాపు కమ్మీకి అంటించారు. నివాస గృహపు యజమానిగా అప్పలస్వామి సంతకం పెట్టాలన్నారు.

అప్పుడే విశాలాక్షి ఆ వార్డులోకి వచ్చింది. అప్పలస్వామి లేచి కూచున్నాడు. గడ్డ వల్ల మెడ ఒక పక్కకి ఒరిగింది, మింగడం కూడా కష్టంగా ఉంది.

"మేడమ్, నా మెడలో ముగ్గురున్నారంట గదా. నిజమేనేటి?"

"అదంతా ఆఫీసు గొడవలే, పట్టించుకోకు."

"కాదమ్మా, సంతకమెట్టమన్నారు. ఇల్లు నాదేనంట. ఆళ్ళకి చోటిచ్చింది నానేనంట. రేపు నా మీదికి కేసేటైనా వత్తాదా?"

విశాలాక్షి అతని భుజం తట్టి బయటికి నడిచింది. ఆ ఆసుపత్రిలో ఆ ప్రశ్న సరైనదే.

వార్డు బయట డాక్టర్ ఖలీల్ ఎదురయ్యాడు. అప్పలస్వామికి మందు పెట్టాల్సింది ఆయనే. "స్టెరాయిడ్ మాత్రలతో నెట్టుకొస్తున్నానండీ. ఇలా ఎన్నాళ్ళో కుదరదు. ఆ గడ్డ ఊపిరిగొట్టం మీదికి వస్తోంది. మీ మాట లేకుండా గట్టి మందు పెడితే మనిషే తట్టుకోకపోవచ్చు. మామూలు మందు పెడితే గడ్డ నవ్వుకుంటుంది."

"ఇంకో ముక్క తీసివ్వండి, పరీక్ష చేసేస్తాను."

"అడిగాను. విచారణలో ఉన్న ప్రాంగణంలో తవ్వకాలు కూడదన్నారు."

విశాలాక్షి మళ్ళీ పాలనాధికారి గదికి వెళ్ళింది. రోగి ప్రమాదంలో ఉన్నాడని చెప్పింది. గరుడాచలం గారు నొచ్చుకున్నారు. ఆయన రాయి కాదు.

"నాకు మాత్రం జాలి లేదా అమ్మా? కానీ మీరడిగే మందు దేనికి? నిందితుల్ని చంపడానికి. సంజాయిషీకి గడువు ఇవ్వకుండా మరణశిక్ష వేస్తే కోర్టులో నిలబడుతుందా? సహజ న్యాయసూత్రాలు అని ఒకటి ఉంది. మిక్ గారి పక్షం కూడా వినాలి కదా!"

"ఆయన పక్షం ఏం వింటారండీ? ఆయనకి నోరు లేదు."

"అందుకే సహాయకుణ్ణి నియమించాను," అన్నారు గరుడాచలం గారు, ఇంత ముందుచూపు ఇంకెవరికుంటుంది అన్నట్టు.

ఆ సహాయకుడు ఉద్యోగ సంఘం కార్యదర్శి జోగారావు. విచారణాధికారిగా పరాంకుశం గారిని పిలిపించారు. రెవెన్యూ శాఖలో పనిచేసి రిటైరైన పెద్దమనిషి. జీవితంలో ఎవర్నీ వినకుండా శిక్షించలేదని ఆయనకి పేరు. విన్నాక వదిలిందీ లేదు.

విచారణ సమావేశ మందిరంలో మొదలైంది. నిందితుల కోసం మూడు పెద్ద కుర్చీలు వేశారు, వాటి ముందు పేర్ల చీటీలు, మంచినీళ్ళ సీసాలు పెట్టారు. పరాంకుశం గారు బంట్రోతు చేత మూడుసార్లు పిలిపించారు.

"మిక్ గారూ, హాజర్!"

కిటికీ మీద పావురం ఒకటి రెక్కలు కొట్టుకుంది. ఆయన దానివంక ఒక క్షణం అనుమానంగా చూసి, "గైర్హాజరు" అని రాసుకున్నారు.

జోగారావు లేచాడు. జీవితమంతా సస్పెండైన గుమస్తాల కోసం వాదించిన గొంతు అది.

"అయ్యా, మిక్ గారి సర్వీసు రికార్డు చూడండి. తల్లి కడుపులో పిండం పెరిగినప్పుడు పనిచేసింది ఎవరు? పుండు మానినప్పుడు పనిచేసింది ఎవరు? ఒక్క మచ్చ లేదు. ఈ వేళ ఏదో అయ్యేసరికి ఆయన కారకుడా? ఎనిమిది నుంచి పద్నాలుగుకి ఆయన సొంతంగా నడిచెళ్ళాడా? ఎవరు పంపారయ్యా? ఆ బదిలీ ఉత్తర్వు మీద సంతకం ఎవరిది? కిందివాణ్ణి బలిపెట్టి పైవాణ్ణి కాపాడటం ఇంకెన్నాళ్ళు?"

గోడవారగా నిలబడ్డ గుమస్తాలు చప్పట్లు కొట్టారు. విశాలాక్షికి కూడా ఒక్క క్షణం చప్పట్లు కొట్టాలనిపించింది. ఆ గదిలో అప్పటిదాకా శాస్త్రప్రకారం సరైన మాట అదొక్కటే. ఆ బదిలీ ఎందుకు జరుగుతుందన్నది ఆవిడ ఇరవై ఏళ్ళుగా అడుగుతున్న ప్రశ్నే.

పరాంకుశం గారు గడ్డం నిమురుకున్నారు. "వాదనలో బలం ఉంది. పెద్ద శిక్ష వద్దు. మధ్యేమార్గంగా మళ్ళీ బదిలీ చేద్దాం. పద్నాలుగు నుంచి... పద్దెనిమిదికి వేస్తే?"

"వద్దండీ!" విశాలాక్షి లేచి నిలబడిపోయింది. "పద్దెనిమిదిలో మూడో నిందితుడు, బి.సి.ఎల్. రెండు, ఉంటాడు!"

సభలో కలకలం రేగింది. "చూశారా, ముఠా!" అన్నారు గరుడాచలం గారు. కుట్రకోణం మీద అదనపు విచారణ కోసం వాయిదా వెయ్యాలని ఆయన లేచారు. పరాంకుశం గారు క్యాలెండరు వెనక్కి తిప్పుతున్నారో ముందుకి తిప్పుతున్నారో విశాలాక్షి చూడలేదు. ఆవిడకి తల ఒక పక్కకి ఒరిగిన మనిషి కనిపిస్తున్నాడు. కోపం వస్తే చాలామందికి గొంతు పెరుగుతుంది. ఆవిడకి తగ్గుతుంది. ఇన్ని రోజులూ వీళ్ళకి శాస్త్రం నేర్పుదామని చూశాను, వీళ్ళ శాస్త్రం నేను నేర్చుకోలేదు అనుకుంది.

"అయ్యా, ఒక సందేహం," అంది నెమ్మదిగా. "మిక్ గారిని ఇక్కడ ఎవరైనా కళ్ళతో చూశారా?"

అందరూ ఖాళీ కుర్చీల వంక చూశారు.

"నా నివేదికలో 'అనుమానము' అని మాత్రమే రాశాను. ముద్దాయి ఇతనే అని గుర్తించకుండా విచారణ జరిపితే, రేపు పైకోర్టు ఏమంటుంది?"

పరాంకుశం గారి చేతిలో కలం ఆగిపోయింది. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో ఇంత పెద్ద లోపం ఆయన దృష్టికి రాకుండా పోవడం ఇదే మొదలు.

"గుర్తింపు కవాతు!" అన్నారు.

"దానికి సాక్ష్యం నా ల్యాబుకి రావాలండీ."

బీరువా తెరుచుకుంది. లక్క పగిలింది. మైనపు ముక్కని పళ్ళెంలో పెట్టి, ముందొక జవాను, వెనకొక జవాను నడుస్తుండగా పాథాలజీకి పంపించారు. అప్పలస్వామి కోసం అన్నాళ్ళలో ఆ ఆసుపత్రిలో కదిలిన మొదటి వస్తువు అదే.

విశాలాక్షి పలచటి పొర కోసి, మెరిసే రంగులు పట్టించింది. ఆ పరీక్ష చెప్పుకోవడానికి సులువే. మిక్‌కి ఒక చివర ఎర్రచుక్క, ఇంకో చివర పచ్చచుక్క అంటుకుంటాయి. ముక్క తెగకపోతే రెండూ పక్కపక్కనే ఉంటాయి. తెగితే విడిపోతాయి. మిగతా రెండిటికీ అంతే.

కవాతు విచారణాధికారి సమక్షంలో జరగాలి కాబట్టి పరాంకుశం గారు చీకటి గదిలోకి వచ్చి, కళ్ళజోడు తీసి, మైక్రోస్కోపు మీదికి వంగారు. నల్లటి ఆకాశం లాంటి దానిలో రంగుచుక్కలు మినుకుమంటున్నాయి. ఎర్రవి ఒక చోట, పచ్చవి ఇంకో చోట. ఆయన చాలాసేపు తల ఎత్తలేదు.

"ఇంత చిన్నవాళ్ళా?" అన్నారు చివరికి. ఆ గొంతులో విచారణ లేదు. "పాపం, కుర్చీలు మరీ పెద్దవి వేశాం."

మిక్ తెగింది. బి.సి.ఎల్. రెండు కూడా తెగింది. ఆరు మాత్రం చెక్కుచెదరకుండా ఉంది. దాన్ని గౌరవప్రదంగా నిర్దోషిగా విడుదల చేస్తూ, నిందపడిన కాలాన్ని సర్వీసుగా పరిగణించాలని ఉత్తర్వు వచ్చింది. జోగారావు స్వీట్లు పంచాడు. విశాలాక్షి మాత్రం మెట్లు రెండేసి దిగుతూ ఖలీల్ దగ్గరకి వెళ్ళింది. "రెండూ ఉన్నాయి. గట్టి మందే."

మందు సీసాలు తగిలిస్తుండగా గరుడాచలం గారు వార్డులోకి వచ్చారు. "తుది ఉత్తర్వు రాకుండా శిక్ష అమలు చేస్తున్నారా?"

"శిక్ష కాదండీ," అంది విశాలాక్షి. "విచారణ ముగిసేదాకా సస్పెన్షన్."

ఆయన ఆలోచించారు. "సస్పెన్షన్ అయితే జీవనభృతి ఇవ్వాలే."

ఖలీల్ పక్కనున్న ఇంకో సీసా చూపించాడు. "గ్లూకోజు ఎక్కిస్తున్నామండీ."

"నిబంధనల ప్రకారమే ఉంది," అని గరుడాచలం గారు తృప్తిగా వెళ్ళిపోయారు.

మందు అప్పలస్వామిని ఉతికి ఆరేసింది. జుట్టు పోయింది, నోరంతా పొక్కింది, రెండోసారి జ్వరమొచ్చి మనిషి దక్కుతాడా అన్నంత పనయ్యింది. ఆలస్యం కాకపోతే ఇంత పడేవాడు కాదని ఖలీల్ విశాలాక్షితో ఒక్కసారే అన్నాడు, మళ్ళీ అనలేదు. కానీ గడ్డ మొదటి విడతకే మెత్తబడింది. చివరి విడత అయ్యేసరికి మెడ తిన్నగా నిలిచింది. స్కాను తీస్తే ఎక్కడా ఏమీ లేదు.

ఆసుపత్రిలో సంతోషించనిది గరుడాచలం గారు ఒక్కరే. నిందితులిద్దరూ పరారీలో ఉన్నారు. ఆచూకీ దొరికేదాకా చోటిచ్చినవాణ్ణి ఎలా వదలడం? చివరికి హామీపత్రం ఒకటి రాయించారు, నిందితులు తిరిగి వస్తే తక్షణమే తీసుకొచ్చి అప్పగిస్తానని.

అప్పలస్వామి దాన్ని చదివించుకుని విన్నాడు. ఈసారి అతను భయపడలేదు.

"ఆళ్ళు మళ్ళీ వత్తే నాను దాయనండి," అన్నాడు. "పరిగెట్టుకుని వత్తాను." సంతకం పెట్టి, భార్య చెయ్యి పట్టుకుని గేటు దాటాడు. విశాలాక్షి కిటికీలోంచి వాళ్ళు కనిపించినంతసేపూ చూసింది.

కథ అక్కడితో ముగిస్తే బాగుండేది. క్యాన్సరుపై శాఖాపరమైన చర్య గైకొన్న తొలి సంస్థ అని పైనుంచి ప్రశంసాపత్రం వచ్చింది. నిఘా విభాగం ఒకటి ఏర్పడింది. ఏ నివేదికలో ఏ కారకం పేరు కనిపించినా మర్నాటికల్లా మంచానికి నోటీసు, బీరువాకి మైనపు ముక్క. డాక్టర్లు మూర్ఖులు కారు. ఒకరి తర్వాత ఒకరు ఒకే మాట రాయడం నేర్చుకున్నారు: "కారణము తెలియదు." నెల తిరిగేసరికి ఆ సంస్థలో ఏ జబ్బుకీ కారకమే లేకుండా పోయింది. ఏడాది చివర రాష్ట్రంలోకెల్లా మొదటి "కారకరహిత సంస్థ"గా అవార్డిచ్చారు. వేదిక మీద విశాలాక్షికి శాలువా కప్పారు. గరుడాచలం గారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

శాలువా తీసి కుర్చీకి వేసి, ఆవిడ మైక్రోస్కోపు ముందు కూచుంది. కొత్త పలక, ఎవరో కబడ్డీ ఆడే పిల్లదట. ఎర్రచుక్కలు ఒక చోట, పచ్చచుక్కలు ఇంకో చోట. ఆవిడ చాలాసేపు చూసి, నివేదికలో "కారణము తెలియదు" అని రాసి సంతకం పెట్టి, ఖలీల్‌కి ఫోను చేసింది.

"ఎవరండీ?" అన్నాడు ఖలీల్, గొంతు తగ్గించి.

"ఫోనులో వద్దు. మెట్ల దగ్గరకి రండి."

మెట్ల మలుపులో ఎవరూ లేకుండా చూసి, ఆవిడ ఆయన చెవిలో రెండు పేర్లు చెప్పింది. ఆయన తలూపాడు. వార్డుకి వెళ్ళి, కేసు షీటు తీసి, పైన "కారణము తెలియదు" అని రాశాడు. కింద మందు పేరు మాత్రం తప్పు లేకుండా రాశాడు.